బొంత గౌనులో స్వింగు

నేను వేసిన కుట్టు ఊడిందని చెప్పగల మనిషి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు. అరవై రెండేళ్లుగా కుడుతున్నాను. నేను కుట్టిన నిక్కరు తొడుక్కుని మా ఊరి బంగారయ్య తాటిచెట్టు మీంచి జారితే మనిషి కింద పడలేదు. నిక్కరు ఒక మట్టకి తగులుకుని, రెండు గంటలసేపు ఆయన్ని గాలిలో ఉయ్యాల ఊపింది. నిచ్చెన వేసి దింపాక ఆయన మొదట దణ్ణం పెట్టింది నా మిషనుకి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

నా పేరు కోరాడ పైడయ్య. మా ఊరి బళ్లో అయిదో తరగతి దాకా చదివి, ఆరో తరగతి ఎక్కడ చెబుతారో తెలియక టైలరునయ్యాను. దుకాణం నెల్లిగెడ్డ జంక్షన్లో, ఇన్‌స్టిట్యూట్ గేటుకి ఎదురుగా. ఇన్‌స్టిట్యూట్ అంటే రైల్వే ఉద్యోగులు సాయంత్రంపూట పేకాటకీ క్యారమ్స్‌కీ చేరే హాలు. యుద్ధం రోజుల్లో అక్కడ అమెరికా సిపాయిలు దిగారు. వాళ్ల దేశంలో పశువుల కాపర్లు ఫిడేలూ గిటారూ వాయించుకుంటూ ఆడే డాన్సొకటి మావాళ్లకి నేర్పి, పోతూ పోతూ గ్రామఫోను ప్లేట్లు వదిలేసి పోయారు. దాని పూర్తి పేరు వెస్టర్న్ స్వింగు. మా జంక్షన్లో స్వింగు అంటే చాలు. ఆడా మగా చేతులు పట్టుకుని, దగ్గరికొచ్చి, దూరం జరిగి, ఆడమనిషి గిర్రున ఒక చుట్టు తిరిగి మళ్లీ చెయ్యి అందుకోవాలి. మొదట గార్డులు నేర్చుకున్నారు, తర్వాత నర్సులు, ఆ తర్వాత పాయింట్స్‌మన్లు. ఒక దశలో మా జంక్షన్లో ఇంజన్లు కూడా మలుపు తిరిగేటప్పుడు కాస్త నడుము ఊపేవి.

ఏటా డిసెంబరు రెండో ఆదివారం సాయంత్రం హాల్లో స్వింగు. ఆ రోజుకి బట్టలు కూడా ఆ కాలం తీరులో ఉండాలని మావాళ్ల ముచ్చట. మగవాళ్లకి బొడ్డు పైదాకా ఎక్కే వదులు ప్యాంట్లు, అవి జారకుండా భుజాల మీదుగా గాలీసు పట్టీలు. ఆడవాళ్లకి బుట్ట చేతులు, పిక్కల దాకా వేలాడే, కింద విశాలంగా పెద్ద గేరు ఉన్న గౌన్లు. కుట్టేది నేనే. డాన్సు బట్టకి కొలత తీయడంలో నాకో పద్ధతుంది. మనిషిని నిలబెట్టి తీయను. చెయ్యి పైకెత్తమంటాను, గొంతుక్కూర్చోమంటాను, ఒక చుట్టు తిరగమంటాను. తిరిగేటప్పుడు ఎక్కడ బిగిసిందో అక్కడ సుద్దతో గీత గీసి, చంకలో అరచేతంత గుడ్డముక్క అదనంగా వేస్తాను. అది పైకి కనబడదు. చెయ్యెత్తినప్పుడు మాత్రం, ఉన్నానమ్మా అంటుంది.

అలా కుట్టిన వాటిలో నాకు ముద్దైనది మార్తమ్మ ఆకుపచ్చ గౌను. మార్తమ్మ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా చేరిన ఏడు కుట్టాను. నేను చెప్పబోయే సంగతి నాటికి దానికి ముప్పై తొమ్మిదేళ్లు. ఆ గౌను తొడుక్కుని తిరుగుతుండగానే గూడ్సు గార్డు ఏసుపాదం ఆవిడని చూశాడు, ఆ మర్నాడు గూడ్సు బండి నలభై నిమిషాలు ఆలస్యంగా బయల్దేరింది, ఆపై ఏటికి పెళ్లయింది. ఇప్పుడిద్దరూ రిటైరయ్యారు. అన్నాళ్లూ ఏ డిసెంబరూ తప్పలేదు.

ఇక ముప్పు ఎలా వచ్చిందో చెబుతాను. ఆ ముప్పుకి ముందు ఏడు ఎవరో పెద్దాఫీసరు స్వింగు చూడ్డానికి వచ్చి, వెళుతూ సందర్శకుల పుస్తకంలో రెండు ముక్కలు రాశాడు: "పాతకాలపు దుస్తులు ముచ్చటగా ఉన్నవి. సౌకర్యముగా కూడా ఉండవలెను." ఆయన ఏదో మాటవరసకి రాసి, టీ తాగి వెళ్లిపోయాడు. కానీ ఇన్‌స్టిట్యూట్‌కి కొత్తగా వచ్చిన కార్యదర్శి చామర్తి విశ్వపతిగారికి మాటవరస అనేది ఒకటుంటుందని తెలియదు. ఆ రెండు వాక్యాలూ పట్టుకుని ఆరు నెలలు శ్రమించి పదిహేడు నిబంధనలు తీశారు. నోటీసు బోర్డుకి చాలకపోతే పక్కనున్న కిటికీ మూయించి దానిమీద అంటించారు.

"పై విషయమును పురస్కరించుకొని సకల స్వింగు నర్తకీనర్తకులకు తెలియజేయునది ఏమనగా, నృత్యదినమున ధరింపబడు ప్రతి వస్త్రమును పాతది అయి ఉండవలెను మరియు సౌకర్యవంతమైనది అయి ఉండవలెను. పాతదనము, సౌకర్యము వేర్వేరుగా నిర్ధారింపబడి, వేర్వేరు ముద్రలు వేయబడును. ముద్రలు లేని వస్త్రములో ఉన్న వ్యక్తి, వస్త్రము లేని వ్యక్తిగా పరిగణింపబడును."

చివరి వాక్యం చదివి ఏసుపాదం చొక్కా గుండీలు పైదాకా పెట్టేసుకున్నాడు.

పాతదనం తేల్చడానికి సాక్షి కావాలన్నారు. ఆ బట్ట పూర్వం ఎవరో తొడుక్కోగా కళ్లారా చూసి, ఇంకా బతికున్న మనిషి వచ్చి సంతకం పెట్టాలి. జంక్షన్లో అందరికన్నా ముసలివాణ్ణి నేనే గనక, అందరికీ నేనే సాక్షిని. ఒక్క పూటలో నలభై మూడు సంతకాలు పెట్టాను. అందులో ఒకటి నేను పుట్టడానికి రెండేళ్ల ముందు జరిగిన పెళ్లి కోటుకి. విశ్వపతిగారు కళ్లజోడు సర్దుకుని, "పైడయ్యా, ఇది నీ జననానికి పూర్వపు విషయం కదయ్యా?" అన్నారు.

"అవును బాబూ. అందుకే దూరంనుంచి సూసినాను."

ఆయన తృప్తిగా ముద్ర వేశారు. మనిషి చెడ్డవాడు కాదు. కాగితం మీద జవాబుంటే ఆయనకి చాలు, అది దేనికి జవాబని అడగరు.

చిక్కంతా సౌకర్యం దగ్గర వచ్చింది. దాన్నెలా కొలవాలి? సౌకర్య నిర్ధారణ ఉపసంఘం కూర్చుంది. కొలత అన్నారు గనక నన్నూ టేపుతో సహా పిలిచారు. నా పద్ధతి చెప్పాను: తొడుక్కుని ఒకసారి తిరిగితే తెలిసిపోతుందని. విశ్వపతిగారు చెయ్యి అడ్డంగా ఊపారు.

"సౌకర్యమనునది మనస్సునకు సంబంధించినది. మనస్సు సంతకము పెట్టదు. కనుక కంటికి కనబడునదియు, చెవికి వినబడునదియు, ఫైలులో చేర్చదగినదియు అగు ఒక గుర్తు కావలెను."

అందరూ ఆ గుర్తు కోసం తలలు గోక్కున్నారు. అంతలో గురక వినబడింది. హెడ్ గుమాస్తా పాత్రుడుగారు మూల కుర్చీలో గడ్డం ఛాతీకి ఆనించి నిద్రపోతున్నారు. పాత్రుడుగారి నిద్ర మా జంక్షన్లో పేరు మోసింది. ఒకసారి ప్లాట్‌ఫారం బల్ల మీద ఆయన గురకపెడితే, బండి వచ్చేస్తోందనుకుని నలుగురు కూలీలు తలపాగాలు చుట్టుకుని పరిగెత్తారు.

విశ్వపతిగారి మొహం వెలిగింది. "అసౌకర్యములో ఉన్న మానవుడు నిద్రించగలడా?"

లేడన్నారందరూ. అంతే, నిద్రాప్రమాణం పుట్టింది. ప్రతి డాన్సు బట్టనీ పాత్రుడుగారు తొడుక్కుని చేతుల కుర్చీలో నలభై నిమిషాలు కూర్చోవాలి. కునుకు తీస్తే మూడో తరగతి సౌకర్యం, నిద్రపోతే రెండో తరగతి, గురకపెడితే మొదటి తరగతి. మేలుకునుంటే బట్ట రద్దు.

"ఆడవాళ్ల గౌన్లు కూడానా బాబూ?" అన్నాను.

"నిద్రకు స్త్రీపురుష భేదము లేదు పైడయ్యా."

మొదటివారం ఏసుపాదం ప్యాంటు పోయింది. గాలీసులు భుజాలని పట్టి నిటారుగా కూర్చోబెట్టేస్తున్నాయని, ఈ భంగిమలో తనకి ఉద్యోగం చేయాలనిపిస్తోందని పాత్రుడుగారు కంగారుపడ్డారు. రెండోవారం మార్తమ్మ ఆకుపచ్చ గౌను వంతు. చొక్కా మీదుగా తొడిగాం. నర్సు కొలతలో పాత్రుడుగారి పొట్ట ఇమిడిందా అంటారా? ఇమడలేదు. అయినా కుట్టు ఆగింది, అదీ నా కుట్టు! పాత్రుడుగారు కూర్చున్నారు. కళ్లు మూశారు. రెండు నిమిషాలకి కుడికాలి బొటనవేలు కదిలింది. తర్వాత మడమ. ఆ తర్వాత ఆయన లేచి, ఎవరూ ఏ పాటా వేయకుండానే, గది మధ్యలో గిర్రున ఒక చుట్టు తిరిగి, సిగ్గుపడి కూర్చున్నారు.

విశ్వపతిగారు రాసుకున్నారు: "పరీక్షాధికారి మేల్కొని యుండుటయే గాక, ఒక చుట్టు తిరిగియున్నారు. వస్త్రము తిరస్కరించడమైనది."

నాకు ఉండబట్టలేదు. "బాబూ, అది డాన్సు గౌను. తిరగాలనిపించడమే దాని సౌకర్యం."

"తిరగాలనిపించుట సౌకర్యము కాదు పైడయ్యా. అది ప్రలోభము."

నవంబరు వచ్చేసరికి నలభై మూడు బట్టలూ రద్దయ్యాయి. స్వింగు ఆగిపోతుందనుకున్నాం. ఆగిపోయినా బాగుండేది. ఒకరోజు పొద్దున్న చలెక్కువగా ఉండి పాత్రుడుగారు ఇంట్లో కప్పుకున్న బొంతతోనే పరీక్షకి వచ్చారు. బట్ట తొడగబోయేలోపలే నిద్రపోయారు. గురక మొదలైంది. కిటికీకి అంటించిన పదిహేడు నిబంధనలూ రెపరెపలాడాయి.

విశ్వపతిగారు ఆయన్ని తట్టి లేపారు. "పాత్రుడుగారూ, మీ దేహమున ఉన్న వస్త్రమేమి?"

"బొంతండీ."

"ఎప్పటిది?"

"మా మామ్మ సీరలండి. మా అమ్మ కుట్టింది. నాకన్నా పెద్దదండి ఇది."

గదిలో ఉన్న నలుగురు, తమ ఇళ్లలోనూ అలాంటివే ఉన్నాయని సాక్ష్యం చెప్పారు. పాతదనం ఖాయం. గురక మొదటి తరగతి. రెండు ముద్రలూ ఒకేసారి పడిన వస్తువు మా జంక్షన్ చరిత్రలో అదొక్కటే. ఆ సాయంత్రానికే ఉత్తర్వు వచ్చింది: స్వింగు ఆడే పన్నెండు జంటలూ ఇళ్లలోని బొంతలు తెచ్చి అప్పగించాలి. వాటితో పైడయ్య ప్యాంట్లు, చొక్కాలు, గౌన్లు కుట్టాలి. పదకొండో నిబంధన ప్రకారం కుట్టే దారం సైతం పాతదై ఉండాలి.

పాత దారం నా దగ్గరుంది. మా గురువు ముత్యాలు మేస్త్రి వదిలిపోయిన రేకుపెట్టెలో యుద్ధకాలం నాటి రీళ్లు రెండు డజన్లు. విశ్వపతిగారు ఒక రీలు తీసి వాసన చూసి, "ఆహా, చరిత్ర!" అన్నారు. నాకైతే బొద్దింకల వాసన వేసింది.

బొంత కుట్టడం ఎవరికైనా వచ్చు. బొంతతో బుట్ట చేతులు పెట్టడం నాకొక్కడికే వచ్చు. ఒక్కో గౌను ఏడు శేర్లు తూగింది. ప్యాంట్లు గోడకి చేరేస్తే మనిషి అక్కర్లేకుండా నిలబడ్డాయి. మార్తమ్మ కొలత చూసుకోవడానికి దుకాణానికి వచ్చి, గౌను తొడుక్కుని, అద్దంలో చూసుకుంది.

"బాబాయ్, ఇదేటి? గౌనా, పరుపా?"

"ఒక సుట్టు తిరిగి సూడమ్మీ."

తిరిగింది. మార్తమ్మ తిరిగింది గానీ గౌను తిరగలేదు. ఆవిడ ఆగాక, అది తన వీలు చూసుకుని మెల్లగా వచ్చి కాళ్లకి తగిలింది. నేను నవ్వాను. ఆవిడా నవ్వింది. నవ్వుతూనే నా స్టూలు మీద కూలబడి కుడి మోకాలు రుద్దుకుంది.

"జనవరి అయిదున మోకాలు కోసీ మార్సేత్తారట బాబాయ్. డాట్రుబాబు సెప్పీసినాడు. ఆపైన నడకే గానీ గిరగిరలు లేవట. ఇదే కడాపాలి."

నేను సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు తల వంచుకున్నాను.

"ముప్పై తొమ్మిదేళ్లు తిరిగినాను. కడాపాలి ఈ మూటలో నిలబడుండాలా? పోనీలే. నోపల నా ఆకుపచ్చ గౌనే ఏసుకుంటాను. పైకి అగుపడకపోయినా నాకు తెలుస్తాది గదా."

"ఏసుకో అమ్మీ. బొంత గరుకు కూడాను. అందర్నీ నోపల ఆళ్ల బట్టలే ఏసుకోమన్నాను."

ఆవిడ వెళ్లాక, ఆ ఏడు శేర్ల గౌను ముందేసుకుని చాలాసేపు కూర్చున్నాను. ఏం చేశానన్నది అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

డిసెంబరు రెండో ఆదివారం వచ్చింది. సాయంత్రం అయిదు గంటలకే హాలు నిండింది. సందర్శకుల పుస్తకంలో రాసిన పెద్దాఫీసరే ముఖ్య అతిథి. పన్నెండు జంటలూ బొంతల్లో వచ్చి వరసగా నిలబడ్డారు. ధాన్యం మార్కెట్లో బస్తాలకి తలలు మొలిచినట్టుంది. విశ్వపతిగారు మైకు అందుకుని, "నృత్యచరిత్రలో మొట్టమొదటిసారిగా, నిద్రాప్రమాణముచే ధ్రువీకరింపబడిన దుస్తులు" అని అరగంట మాట్లాడారు. ముందు వరసలో పాత్రుడుగారు వాటిని చూస్తూనే నిద్రపోయారు.

గ్రామఫోను పెట్టారు. ఫిడేలు మొదలైంది. ఇరవై నాలుగు బొంతలూ కొంచెం కుడికీ కొంచెం ఎడమకీ ఒరిగాయి. అంతే. ఎవరి పాదమూ లేవలేదు.

విశ్వపతిగారు అతిథి చెవిలో అన్నారు: "గమనించితిరా, ఎంత సౌకర్యముగా ఉన్నారో! కదలవలసిన అవసరమే వారికి కలుగుట లేదు."

పాట సగానికి వచ్చింది. ఫిడేలు ఒక్కసారి పైకి లేచే చోటు ఒకటుంది. ముప్పై తొమ్మిదేళ్లుగా మార్తమ్మ తిరిగేది అక్కడే. ఏసుపాదం బొంత చేతిని, బస్తా ఎత్తినట్టు రెండో చేత్తో తోసి, పైకెత్తాడు.

"తిరగ్గలవా?" అన్నాడు.

"నువ్వు సెయ్యి ఒగ్గీకు, సాలు."

మార్తమ్మ ఊపిరి బిగబట్టి, మంచి కాలి మీద బరువేసి, తిరిగింది.

టప్పుమంది. మొదట భుజం. తర్వాత చంక. ఆపైన పక్క కుట్టు పైనుంచి కిందకి, రైలు పోతుంటే గేట్లు వరసగా తెరుచుకున్నట్టు తెరుచుకుంది. బొంత గౌను ఉన్నచోటే నిలబడిపోయింది. దానిలోంచి మార్తమ్మ ఆకుపచ్చగా బయటికొచ్చింది. గేరు గొడుగులా విచ్చుకుంది. ఒక చుట్టు, రెండు, మూడు. ఏసుపాదం, "మార్తా, మెల్లగా, మోకాలూ!" అంటూనే తనూ తిరిగాడు. టప్, అతని చొక్కా ఊడింది, గాలీసులు బయటపడ్డాయి. అది చూసి మిగతా పదకొండు జంటలూ తిరిగారు. మూకుట్లో పేలాలు వేగినట్టు హాలంతా టపటపలు. పాట అయ్యేసరికి నేల నిండా బొంతలు, వాటి మీదుగా పన్నెండు జంటలు. మార్తమ్మ మొత్తం ఏడు చుట్లు తిరిగింది. నేను లెక్కపెట్టాను. ఏడో చుట్టు అయ్యాక ఏసుపాదం చెయ్యి వదలకుండానే కుర్చీలో కూర్చుని, మోకాలు పట్టుకుని, పడీ పడీ నవ్వింది.

నేను వేసిన కుట్టు ఊడిందని చెప్పగల మనిషి ఇంకా పుట్టలేదన్నాను కదా? ఆ సాయంత్రం ఒక్క పాటలో ఇరవై నాలుగు మంది పుట్టారు.

విశ్వపతిగారు తెల్లబోయి పదిహేడు నిబంధనల కాగితం చేతిలో పట్టుకుని లేచారు. ఈలోగా అతిథి చప్పట్లు కొట్టేశాడు. "భలే ఉందండీ విశ్వపతిగారూ! దుప్పట్లోంచి లేచొచ్చినట్టు బయటికి రావడం. ఇది కూడా పాతకాలపు పద్ధతేనా?"

విశ్వపతిగారు ఒక్క క్షణం ఆలోచించారు. "చిత్తం. మా పరిశోధనలో తేలినది."

వారం తిరగకుండా నివేదిక వచ్చింది: "వస్త్రములు తమ ప్రాచీనతను సభాముఖముగా తామే నిరూపించుకొన్నవి." వచ్చే ఏటినుంచి ప్రతి బొంతా పాట మొదలైన రెండో నిమిషంలో విధిగా ఊడిపోవాలట. ముందే ఊడితే జరిమానా, ఊడకపోతే సంజాయిషీ. పర్యవేక్షణకి విచ్ఛిన్నతా ఉపసంఘం. అధ్యక్షులు పాత్రుడుగారు. ఆయన్ని సమయానికి లేపడానికి ఇంకొక ఉపసంఘం.

స్వింగు అయిన మర్నాడే మార్తమ్మ, ఏసుపాదం భుజం పట్టుకుని కుంటుకుంటూ నా దుకాణానికి వచ్చింది.

"బాబాయ్, నిజం సెప్పు. పక్కా కుట్టు కాదు గదా అది? కచ్చా కుట్టు ఏసినావు గదూ?"

కచ్చా కుట్టంటే, కొలత సరిచూసుకోవడానికి ముందుగా పొడుగు అంగలతో వేసే కుట్టు. ఒక కొస లాగితే మొత్తం వచ్చేస్తుంది. నేను మిషను చక్రానికి నూనె వేస్తూ, "మరేటనుకున్నావమ్మీ? అరవయ్యేళ్లు సంపాదించిన పేరు నీ ఒక్క సుట్టు కోసం పారేసినాను," అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుంది. అప్పటినుంచి ప్రతి క్రిస్మస్‌కీ ఆ ఇంటినుంచి నాకు కేకు వస్తుంది. మోకాలు బాగైంది, కేకు తనే నడిచొచ్చి ఇస్తుంది.

ఈ కథలో ఒక్కటి నేను కల్పించాను. తాటిచెట్టు నిక్కరు అనుకుంటారేమో. కాదు, ఆ మట్ట ఇంకా ఉంది, రండి చూపిస్తాను. గురకకి ముద్ర వేయడమా? ఆ ముద్ర కాగితం నా దగ్గరే ఉంది. కల్పించింది కచ్చా కుట్టు. ఆ రోజు మార్తమ్మ వెళ్లాక నాకే ఉపాయమూ తట్టలేదు. వదులుగా కుట్టడం నా చేతులకి రాదు. అన్నింటికీ జంట కుట్టు, అదీ పక్కాగా, ప్రాణం పెట్టి వేశాను. నా పేరు పోకూడదని పక్కలకి మూడో వరస కూడా వేశాను. ఊడదీసింది నేను కాదు. విశ్వపతిగారి పదకొండో నిబంధన. ఎనభై ఏళ్ల దారం మరి, మార్తమ్మ తిరగడం కోసం ఆగి, పుటుక్కుమంది.

ఈ కథ పడిన పత్రిక క్రిస్మస్ అయ్యేదాకా ఆవిడ కంటపడకుండా చూడండి. ఈ ఏడు కేకులో జీడిపప్పు వేస్తానంది.